వయోజన విద్య, చేతిలోని ఫోను, ఉపాధి



ముంబైలో వయోజన విద్యను గురించి ప్రసంగించేవారు వర్లీని స్మరించక తప్పదు. దేశంలో మొదటి శ్రామిక విద్యాపీఠం 1967లో అక్కడే ఆరంభమైంది. కార్మికులకు అక్షరంతో పాటు పనితనాన్ని కూడా నేర్పడం దాని ఉద్దేశం. తెలంగాణ నుండి వచ్చి బట్టల మిల్లులలో పనిచేసిన పద్మశాలీలు ఎందరో ఆ పరిసరాలలోనే స్థిరపడ్డారు. ఆ కోవకు చెందిన సంస్థలు 2000లో జన శిక్షణ సంస్థాన్ అనే పేరు పొందాయి. నిరక్షరాస్యులకూ, నడుమ బడి మానినవారికీ వాటిలో ప్రవేశం ఉంది.

మిల్లులు మూతబడ్డాయి. నేడు కాపలా పనికి, గిడ్డంగి పనికి సైతం చాలాచోట్ల హాజరు ఫోనులోనే వేయాలి. జీతం ఖాతాలో జమ అవుతుంది. చదువు రానివాడు పూర్వం మేస్త్రీతో మాట్లాడుకొని పని సంపాదించేవాడు. ఫోను తెరతో ఆ బేరం సాగదు.

తెలుగువారికి మరొక చిక్కు ఉంది. ఇంటి భాష తెలుగు, వీధి భాష మరాఠీ లేదా హిందీ, దరఖాస్తు భాష ఇంగ్లీషు. ఊరిలో ఏడో తరగతి తెలుగులో చదివిన స్త్రీ కూడా ఇక్కడ దరఖాస్తు ముందు నిరక్షరాస్యురాలిగానే నిలుస్తుంది. ఫోను అమరికలలో భాషను తెలుగుకు మార్చుకోవచ్చునన్న చిన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పరు.

2017లో కేంద్రం చేపట్టిన డిజిటల్ సాక్షరతా పథకం ఆరు కోట్ల గ్రామీణ కుటుంబాలను ఉద్దేశించినది. నగరానికి వలస వచ్చినవాడు పల్లె లెక్కలోనూ లేడు, పట్నం లెక్కలోనూ లేడు. 2022లో ఆరంభమైన నవభారత సాక్షరతా కార్యక్రమం మాత్రం 15 ఏళ్లు నిండిన వయోజనులకు చదువు, లెక్కలతో పాటు డిజిటల్, ఆర్థిక అక్షరాస్యతను కూడా పాఠంలో చేర్చింది.

ఆ పాఠం ఎక్కడ మొదలుకావాలన్నదే అసలు ప్రశ్న. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఉద్యోగ దరఖాస్తు టైపు చేయించడం చూడడానికి బాగుంటుంది. కాని ఇళ్లలో పనిచేసే తల్లికి ముందు కావలసింది బ్యాంకు సందేశంలో ఎంత జమైందో, ఎంత పోయిందో తానే చదువుకోవడం. పిన్ను కొడుక్కు తెలుసు, పక్కింటి కుర్రవాడికీ తెలుసు. ఆమెకు మాత్రం గుర్తుండదు. అది పెట్టె తాళంచెవిని ఇరుగుపొరుగు చేతుల్లో ఉంచడమే. కంపెనీ ఉద్యోగి అయితే పన్నెండంకెల భవిష్యనిధి సంఖ్యతో, తన జీతంలో కోసిన సొమ్ము నిజంగా జమ అవుతున్నదో లేదో చూసుకోవడం నేర్వాలి. ఆధార్‌లో పేరు ఒక తీరుగా, అక్కడ మరో తీరుగా ఉంటే సొమ్ము తీసుకునే నాడు తిప్పలు తప్పవు.

తరగతి వేళ సంగతి కూడా చూడాలి. చాల్‌లో నీళ్లు వచ్చే వేళకు తరగతి పెడితే స్త్రీలు రారు. వారికి ఆసక్తి లేదని రిజిస్టరులో రాయడం అన్యాయం.

ఉద్యోగం ఇప్పిస్తామంటూ ముందుగా రుసుము అడిగేవారిని నమ్మరాదు. యూపీఐలో డబ్బు పుచ్చుకోవడానికి పిన్ను అక్కరలేదు. పిన్ను కొట్టారంటే డబ్బు పోతున్నట్టే. మోసం జరిగితే సిగ్గుపడి దాచక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యమైన కొద్దీ ఆ సొమ్మును ఆపడం కష్టమవుతుంది.