మార్కండేయ నది రేవు – మన ఎల్లల కథ
(వేప్పనపల్లి సభలో చేసిన ప్రసంగపాఠం)



వేప్పనపల్లికి తూర్పున కుప్పం సీమ, ఉత్తరాన కోలారు సీమ, దక్షిణాన కృష్ణగిరి. మూడు రాష్ట్రాలు కలిసే ఈ మూలలో మార్కండేయ నది కోలారు సీమనుండి దిగివచ్చి దక్షిణ పినాకినిలో కలుస్తుంది. ఈ నదిని దాటే రేవులను గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. రేవు ఇరుగట్టులను కలిపేది. అటువంటిచోట ఎల్ల ఎట్లు ఏర్పడినదన్నదే నా ప్రశ్న.

విజయనగర కాలంలో ఇది బారామహలు. 16వ శతాబ్ది చివర జగదేవరాయలు పన్నెండు కోటలతో ఈ సీమను ఏలినాడు. మహారాజగడ, జగదేవి కోటలు నేటికీ ఆ కాలాన్ని గుర్తుచేస్తున్నాయి. హోసూరు వైపున బాగలూరు, బేరికె, సూళగిరి, అంకుశగిరి పాళెగాండ్ల ఏలుబడి సాగింది. దొరలు మారినారు, పన్ను అడిగేవారు మారినారు. ఏటికి ఇరువైపులా మాటాడే నుడి మాత్రం మారలేదు.

మొదటి గీత 1792లో పడింది. శ్రీరంగపట్టణం సంధిలో టిప్పు సుల్తాను బారామహలును కుంపిణీకి విడిచిపెట్టినాడు. అలెగ్జాండర్ రీడ్, ఆయనకు సహాయకుడుగా థామస్ మన్రో ఇక్కడికి వచ్చి, నేలను కొలిచి, రైతుతో నేరుగా పన్ను ఒప్పందం చేసుకునే పద్ధతిని ఈ మడులలోనే మొదలుపెట్టినారు. 1799లో టిప్పు పడిపోయిన తర్వాత హోసూరు సీమ కూడా కుంపిణీకి చేరింది. హైదరాలీ పుట్టిన బూదికోట, నది ఎగువభాగం మైసూరులో నిలిచాయి. ఒకే ఏటికి ఎగువన ఒక ప్రభుత్వం, దిగువన మరొక ప్రభుత్వం! ఇది యుద్ధంలో గెలిచినవారు గీసిన గీత. ఏ ఊరివారిని అడిగి గీసినది కాదు.

ఆ గీత ఫలితం నూరేండ్లకు నీటిలో కనబడింది. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. ఆ పట్టికలో చేర్చిన నదులపై మద్రాసు సమ్మతి లేక మైసూరు కొత్త జలాశయాలు కట్టరాదన్నారు. దక్షిణ పినాకిని అందులో ఉన్నది. మార్కండేయపై యరగోళు ఆనకట్టను కర్ణాటక తలపెట్టినప్పుడు తమిళనాడు ఈ ఒప్పందాన్నే చూపింది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు తమిళనాడు అర్జీని తోసిపుచ్చి, ట్రిబ్యునల్ కోరుకొమ్మన్నది. ఎగువవారికి తాగునీరు కావాలి, దిగువవారికి సేద్యపు నీరు కావాలి. రెండు గట్టులలోనూ తెలుగు కుటుంబాలే ఉన్నాయని మనం మరువరాదు.

రెండవ గీత నుడి పేరిట పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కుప్పం అటుపోయింది, వేప్పనపల్లి మద్రాసులో మిగిలింది. తర్వాత పటాస్కర్ మధ్యవర్తిత్వంలో ఊరిని ప్రమాణంగా తీసుకొని, అక్కడి జనుల నుడినీ ఎల్లకు ఆనుకొని ఉండడాన్నీ చూచి, సరిహద్దును సవరించినారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసుకు చేరింది. చెంగల్పట్టు, సేలం జిల్లాలనుండి కొన్ని ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళినాయి. నాడు మన సీమ సేలం జిల్లాలోనిదే. ఏ గీత గీసినా కొందరు అటు, కొందరు ఇటు మిగలక తప్పదు.

అట్లు మిగిలినవారి కోసమే 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చినారు. అల్పసంఖ్యాక నుడి పిల్లలకు ప్రాథమిక దశలో తల్లినుడిలో చదువు చెప్పే వసతి కల్పించాలని అది ఆదేశిస్తున్నది. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయిన తర్వాత, మన పిల్లలు పదవతరగతి పరీక్షలో మినహాయింపు కోసం న్యాయస్థానాల మెట్లు ఎక్కవలసి వచ్చింది. 2023లో సుప్రీంకోర్టు దానిని ఒక్క ఏడాదికి పొడిగించింది. ఏడాదికొకసారి అడిగి తెచ్చుకునేది హక్కు అనిపించుకోదు. తమిళం నేర్వరాదని నేను చెప్పడంలేదు. ఇరుగుపొరుగు నుడి నేర్వడం ఈ సీమ వారికి పుట్టుకతో వచ్చిన విద్య. తమిళంతోపాటు తెలుగూ బడిలో ఉండాలన్నదే నా కోరిక.

ఇందుకు మనం చేయవలసిన పని ఒకటున్నది. మీ ఇండ్లలోని పాత పట్టాలు, క్రయపత్రాలు, పెండ్లి పత్రికలు, తాతల ఉత్తరాలు చెదలకు వదలకండి. ఏ రేవు దాటి ఏ ఊరికి పిల్లనిచ్చినారో పెద్దలను అడిగి, తెలుగులో రాసి పెట్టండి. రాసే పని పిల్లలకు అప్పగించండి. చరిత్రతోపాటు అక్షరమూ నిలుస్తుంది.