కబురుపెట్టెకు వచ్చు చీటి



మన చిల్లకల్లునుండి హైదరాబాదునకు గాని బెజవాడకు గాని ఫోను చేసినపుడు, అవతలివారు పలుకకున్న, "మీ కబురు చెప్పుడు" అని ఒక గొంతు వినవచ్చుట మీరెరిగినదే. అది కబురుపెట్టె గొంతు. దానినే వాయిస్ మెయిల్ అందురు. పెద్ద కచేరీలో నూరుమంది యుద్యోగులున్నను, అందరి కబురులను ఒక్క యంత్రమే దాచును. మీ మాట ఎవరి అరలో పడవలెనో దానికెట్లు తెలియును? నేడు నేను మనవి చేయునది ఆ సంగతియే.

పూర్వము ట్రంకుకాలు కలుపు ఆపరేటరు "ఫలానావారికి, ఫలానా ఊరినుండి" అని నోటితో చెప్పెడివాడు. యంత్రముల నడుమ ఆ పని ఒక చీటి చేయును. కచేరీలోని ఎక్స్ఛేంజి పిలుపును ఒక తీగమీదను, చీటిని వేరొక తీగమీదను పెట్టెకు పంపును. 1985లో అమెరికాలోని బెల్‌కోర్ సంస్థ ఇట్టి చీటికొక పద్ధతిని ఏర్పరచెను. దాని పేరు ఎస్.ఎం.డి.ఐ. అందు ముందుగా, పిలుపు ఏ తీగమీద వచ్చుచున్నదో ఆ సంఖ్య. పిమ్మట ఒక్క అక్షరము. 'బీ' యన్న, ఆ ఫోనులో వేరొకరు మాటలాడుచున్నారు. 'ఎన్' అన్న, మ్రోగినను ఎవరును తీయలేదు. 'ఏ' యన్న, పిలుపులన్నియు మళ్ళింపబడినవి. 'డీ' యన్న, ఎవరో నేరుగా పెట్టెకే ఫోను చేసిరి. తరువాత పిలువబడినవారి సంఖ్య, ఆపైన పిలిచినవారి సంఖ్య.

చదువుట సులభమే యని తోచును. రెండు మళ్ళింపులున్నచోట చిక్కు వచ్చును. ఈ యూరి రైతొకడు, భార్యకు జబ్బు చేసినదని కుమారునకు ఫోను చేసెననుకొందము. కుమారుడు తన ఫోనును ప్రక్కనున్న గుమాస్తాకు మళ్ళించి పనిమీద పోయెను. గుమాస్తా భోజనమునకు లేచెను. పిలుపు పెట్టెను చేరెను. చీటిలో ఎవరి సంఖ్య యుండవలెను? కొన్ని ఎక్స్ఛేంజీలు మొదటివానిది వ్రాయును, కొన్ని చివరివానిది. చివరిదానినే నమ్మిన పెట్టె తల్లి జబ్బు కబురును గుమాస్తా అరలో వేయును. కబురు వచ్చినదని తెలుపు దీపము కుమారుని ఫోనుపై వెలుగదు. దానిని వెలిగింపుమని మరల ఎక్స్ఛేంజికి వ్రాయునది ఆ పెట్టెయే గదా. తండ్రి మాత్రము కబురు చేరినదని నిశ్చింతగా నుండును. అసలు పలుకకపోవుటకంటె ఇదియే చెడ్డదని నా తలంపు. పలుకకున్న మరల చేసియుండును.

సున్నల చిక్కును గలదు. పద్దులో 2345 అని యుండి, చీటిలో 0002345 అని వచ్చిన, సున్నలను తీసివేయనెరుగని పెట్టెకు ఆ మనిషే కానరాడు.

ఇంటర్నెట్టు మార్గమున నడచు నేటి ఎక్స్ఛేంజీలలో పిలుపు దాటివచ్చిన మజిలీలన్నింటిని వరుసగా వ్రాసి పంపు ఏర్పాటు గలదు. అయినను వానిలో దేనిని పట్టుకొనవలెనో పెట్టెకు నేర్పువాడు మనుష్యుడే. కచేరీలలో ఫోనులమర్చు మన పిల్లలతో నేను చెప్పునదొకటే: ఒక్కసారి మళ్ళించి చూచి లేచిపోకుడు. రెండుమార్లు మళ్ళించి, దీపము ఎవరి బల్లమీద వెలిగెనో పోయి చూడుడు.