ఆటలో తోటివాణ్ణి తెలుసుకొనుట
(ఎర్రుపాలెంలో యువకుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు మమ్ములను కోరారు. ఆటల వలన ఆరోగ్యము, క్రమశిక్షణ కలుగుతాయని మీరు చాలాసార్లు విని వున్నారు. ఆ మాటలే మళ్ళీ చెప్పి మీ కాలం తీసుకోము. ఒక్క విషయం మాత్రం మనవి చేస్తాము.

మన ఎర్రుపాలెం, మధిర ప్రాంతపు ఊళ్ళలో సాయంత్రమైతే వాలీబాల్ నెట్టు కడతారు, కబడ్డీకి గీతలు గీస్తారు. మొదట్లో యిరవై మంది దాకా పిల్లలు వస్తారు. కొన్నాళ్ళకు ఏడెనిమిది మంది మిగులుతారు. మిగతావాళ్ళేరీ అంటే, "వాళ్ళకు ఆట రాదండీ" అంటారు. నిజంగా ఆట రాకనే పోయారా? మేము చూసినంతలో చాలామంది మాట పడలేక పోయారు.

ఒకే తప్పుకు ముగ్గుర్ని ఒకే రకంగా కేకలేసి చూడండి. ఒకడు పట్టుదల పెంచుకొని యింకా బాగా ఆడతాడు. రెండోవాడికి చేతులు ఆడవు, తరువాతి బంతి కూడా వదిలేస్తాడు. మూడోవాడు నవ్వి వూరుకుంటాడు, మర్నాడు మైదానానికి రాడు. తిట్టినవాడు మాత్రం "నేను అందర్నీ సమానంగానే చూశాను గదా" అనుకుంటాడు. అందర్నీ ఒకే రకంగా చూడడం వేరు, అందరికీ న్యాయం చేయడం వేరు.

మనసులోనే కాదు, ఒంటిలో కూడా తేడాలున్నాయి. ఆడపిల్లలు సాధారణంగా 12 ఏండ్ల ప్రాంతంలో, మగపిల్లలు 14 ఏండ్ల ప్రాంతంలో వేగంగా ఎదుగుతారు. అయినా ఒకే తరగతి పిల్లల్లో ఒకరు ముందు, ఒకరు వెనుక అవుతారు. 13 ఏండ్లప్పుడు పొట్టిగా వున్నాడని తీసేసిన కుర్రవాడు 17 ఏండ్లకు అందరికన్నా పొడుగు కావచ్చు. అప్పటికి వాడు ఆట మానేసి వుంటే నష్టం ఎవరికి? పొద్దంతా మిరపకాయలు ఏరి వచ్చినవాడు, రంజాన్ నెలలో ఉపవాసమున్నవాడు సాయంత్రం మెల్లగా పరుగెత్తితే దాన్ని బద్ధకమనుకోవడం కూడా యిటువంటి పొరపాటే.

ఈ సంగతి బాగా తెలిసిన మహానుభావుడు ఒకరు మన హైదరాబాదులోనే వుండేవారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. అందరూ రహీం సాబ్ అనేవారు. వృత్తికి బడి పంతులు. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును ఆయన తీర్చిదిద్దితే, ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచినప్పుడు శిక్షకులు ఆయనే. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ ఆయనే.

రహీం సాబ్ చేసిన పని ఏమిటి? ప్రతి ఆటగాడిలో ఏది తక్కువో చూసి, దానికి తగిన సాధన పెట్టేవారు. బలహీనమైన కాలితో మాత్రమే బంతి తన్నాలనే పోటీలు నడిపారు. బంతిని తన దగ్గరే వుంచుకొని ఒంటరిగా తీసుకుపోకూడదనే పోటీలూ నడిపారు. కుడికాలి వాణ్ణి "నీ ఎడమకాలు పనికిరాదు" అని వెక్కిరించలేదు, ఆ కాలికి పని నేర్పారు. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాంకు రోజూ హైదరాబాదు వచ్చిపోయే స్తోమతు లేకపోతే, అద్దె సైకిలుకు డబ్బు యిచ్చి రప్పించుకున్నారు. ఆ కుర్రవానికి కావలసింది పాఠం కాదు, సైకిలని గ్రహించారు. ఆ బలరామే జకార్తా ఫైనల్లో ఎడమవైపు నుండి ఆడాడు.

ఆ 1962 కథ యింకొంచెం వినండి. మొదటి ఆటలోనే మనవాళ్ళు దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడారు. తరువాత థాయిలాండుతో ఆడుతుండగా, వెనుక వరుసలో గోడలా నిలిచే జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలి ఆరు కుట్లు పడ్డాయి. సెమీఫైనలుకు రహీం సాబ్ అతణ్ణి వెనుక కాక ముందు వరుసలో, గోలు కొట్టే చోట నిలబెట్టారు. అతను ఆ ఆటలో ఒక గోలు కొట్టాడు. ఫైనల్లో మళ్ళీ అదే దక్షిణ కొరియా. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టగా 2–1తో మనం గెలిచాము. అప్పటికే రహీం సాబ్ క్యాన్సరుతో బాధపడుతున్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు.

పిల్లలారా! దీనిలో రెండు పాఠాలున్నాయి. తోటివాడు మనవంటివాడు కాదని తెలుసుకోవడం మొదటిది. "వాడింతే" అని వానికి ముద్ర వేయకుండా వుండడం రెండవది. మొదటిది తెలిసి రెండవది మరచితే, తెలుసుకున్నదంతా వెక్కిరింపుకే పనికి వస్తుంది. వెనుక ఆడేవాడు ఎప్పటికీ వెనుకేనని రహీం సాబ్ అనుకొని వుంటే జకార్తాలో ఆ గోలు వుండేది కాదు.

కనుక మన ఊళ్ళ జట్లలో పెద్ద ఆటగాండ్రు యీ చిన్న పనులు చేయాలని మా కోరిక. తప్పు చేసినవాణ్ణి పదిమందిలో కాక పక్కకు పిలిచి చెప్పండి. మాట్లాడని వాణ్ణి మీరే అడగండి, వానికి తోచిన ఉపాయం వుండవచ్చు. కబడ్డీలో కూతకు పోయేవాణ్ణి మెచ్చుకున్నట్టే, చీలమండ పట్టి నిలిపినవాణ్ణీ మెచ్చుకోండి. వాలీబాల్‌లో బంతిని ఎత్తి యిచ్చేవాడు లేకపోతే కొట్టేవాడు ఏం కొడతాడు? వారానికొకసారి ఒకరి చోట ఒకరు ఆడి చూడండి, ఎవరి కష్టం ఏమిటో అర్థమవుతుంది. రానివాని యింటికి పోయి ఎందుకు రాలేదో కనుక్కోండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పక్కింటి పిల్లవానితో మీ పిల్లవాణ్ణి పోల్చకండి. నిరుడు వాడెట్లా వున్నాడో, యిప్పుడెట్లా వున్నాడో అది పోల్చి చూడండి.

వచ్చే ఏడు యీ మైదానంలో యిరవై మందితో ఆట మొదలైతే, ఏడాది చివరికి కూడా యిరవై మందీ మిగలాలి. కప్పు వస్తే సంతోషమే, రాకపోయినా అంతమంది మిగలడం మనకు గెలుపే.