జేబుకత్తికి ఏ ఉక్కు మేలు?

జేబుకత్తి కొనేటప్పుడు పిడి అందం కన్నా ముందు బ్లేడు ఉక్కు ఏమిటో అడగండి.

ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో 1890లో పుట్టిన ఒపినెల్ మడతకత్తినే చూద్దాం. అది రెండు రకాల ఉక్కులో దొరుకుతుంది. కార్బన్ ఉక్కు సులువుగా పదునెక్కుతుంది. కానీ నిమ్మకాయ కోసి తుడవకపోతే నల్లబడుతుంది, తడి తగిలితే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కులో సుమారు 13 శాతం క్రోమియం ఉంటుంది. ఆ క్రోమియం గాలి తగలగానే కంటికి కనిపించని పలుచని పొరగా ఏర్పడి తుప్పును అడ్డుకుంటుంది.

ఏ రకంలోనైనా ఉక్కు గట్టిదనం పెరిగితే పదును ఎక్కువకాలం నిలుస్తుంది, కానీ అంచు పెళుసై విరిగే ప్రమాదమూ పెరుగుతుంది.

ఇక తుప్పు సంగతి చూస్తే, సముద్రతీరంలో ఉండేవారికీ, పండ్లు కోసుకునేవారికీ స్టెయిన్‌లెస్ మేలు. చెక్కపని చేస్తూ, వాడగానే తుడిచి నూనె రాసే ఓపిక ఉన్నవారికి కార్బన్ ఉక్కు చక్కగా పనికొస్తుంది. ఏదైనా సరే, కత్తిని తడిగా మాత్రం మడవకండి.