టీ విరామంలో జరిగే పని
(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నేను 1986 బ్యాచ్. "నీ వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పు" అని కార్యదర్శి గారు అడిగారు. మా వృత్తి మామూలుగా ఎవరి కంటా పడదు. పడిందంటే ఎక్కడో జనం చెమటలు తుడుచుకుంటున్నారని అర్థం. పెద్ద సమావేశ మందిరాలకు, ఎగ్జిబిషన్ హాళ్లకు ఎయిర్ కండిషనింగ్ డిజైన్ చేసే మెకానికల్ ఇంజనీరును నేను. ముప్పై ఏళ్లుగా సభలను వెనక గుమ్మం నుంచి చూస్తున్నాను. ఉపన్యాసాలు పెద్దగా వినలేదు గానీ, ఉపన్యాసాలు అయ్యాక జనం ఏం చేస్తారో బాగా చూశాను.

ఈ రంగానికి పరిశ్రమలో 'మైస్' అని పేరు. మీటింగులు, ఇన్సెంటివ్ టూర్లు, కాన్ఫరెన్సులు, ఎగ్జిబిషన్లు అనే ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు కలిపి పెట్టారు. ఇంట్లో మొదటిసారి చెబితే మా అమ్మ "ఎలుకల వ్యాపారమేమిట్రా" అంది.

మన దగ్గర ఈ పరిశ్రమకు ఊపు వచ్చింది 2006లో. ఆ జనవరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో హెచ్ఐసీసీ ప్రవాసీ భారతీయ దివస్‌తో మొదలైంది. అదే ఏడాది మే నెలలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం అక్కడే జరిగింది. 2010 ఆగస్టులో ప్రపంచ గణిత శాస్త్రవేత్తల మహాసభ, 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు వచ్చాయి. విశాఖపట్నంలో 2016, 2017, 2018ల్లో వరసగా మూడేళ్లు భాగస్వామ్య సదస్సులు జరిగాయి. గణిత మహాసభ సమయంలో విశ్వనాథన్ ఆనంద్ ఒకేసారి చాలామంది గణితజ్ఞులతో చదరంగం ఆడారు. ఆయనతో ఆట డ్రా చేసుకున్నది ఏ పెద్ద ప్రొఫెసరో కాదు, పద్నాలుగేళ్ల కుర్రాడు. మన లెక్కల మాస్టారు ఇది విని చాలా సంతోషిస్తారని తెలిసే చెబుతున్నాను.

ఇక నా లెక్క. కుర్చీలో ఊరికే కూర్చున్న మనిషి సుమారు 100 వాట్ల వేడి వదులుతాడు. పాతకాలం బల్బు అనుకోండి. అయిదు వేల మంది కూర్చుంటే 500 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ తీసేది మూడున్నర కిలోవాట్లే కాబట్టి, మనుషుల ఒంటి వేడికే 140 టన్నులు కావాలి. దీపాలు, తెరలు, పైకప్పు మీది ఎండ ఇందులో కలపలేదు. చల్లదనం ఒక్కటే చాలదు, బయటి గాలి కూడా లోపలికి రావాలి. ఆరుబయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో సుమారు 420 పాళ్లు ఉంటుంది. మూసిన హాల్లో అది వెయ్యి దాటితే గాలి చాలడం లేదని మేం గుర్తుపడతాం. మధ్యాహ్నం భోజనం తర్వాత సభలో కునికిపాట్లకు ఉపన్యాసకుడిని ఒక్కడినే తప్పు పట్టకండి. కోవిడ్‌కు ముందు తాజా గాలి గురించి నేను మాట్లాడితే కరెంటు బిల్లు పెరుగుతుందని ఖాతాదార్లు కొట్టిపారేసేవారు. ఇప్పుడు వాళ్లే ముందుగా అడుగుతున్నారు.

మా రంగంలో వచ్చిన అసలైన మార్పు వేరే ఉంది. హాలుకూ బయటి గుమ్మానికీ మధ్య ఉండే ఖాళీ జాగాను ఒకప్పుడు వసారా లెక్కన చూసేవారు. మిగిలిన స్థలం దానికి, మిగిలిన డబ్బు దానికి. ఇప్పుడు ఖాతాదార్లు ముందు దాని గురించే అడుగుతున్నారు: టీ బల్లలు ఎన్ని పడతాయి, నిలబడి మాట్లాడుకోవడానికి ఎంత చోటుంది, శబ్దం ఎలా ఉంటుంది అని. ఈ శబ్దం సంగతి చిత్రమైనది. చుట్టూ గోల పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఎటియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే ఈ సంగతి రాశాడు. ఒకరు పెంచితే పక్కవాడూ పెంచుతాడు, పది నిమిషాల్లో అందరూ అరుస్తుంటారు, ఎవరి మాటా ఎవరికీ అందదు. పాలరాయి నేల, అద్దాల గోడ, ఎత్తయిన కప్పు ఫొటోకు బాగుంటాయి. మాటకు మాత్రం తివాచీ, శబ్దాన్ని పీల్చే కప్పు, అక్కడక్కడ మూలలు కావాలి.

2020లో ఈ పరిశ్రమ ఒక్కసారిగా ఆగిపోయింది. ఫిబ్రవరిలో బార్సిలోనాలో జరగాల్సిన మొబైల్ వరల్డ్ కాంగ్రెస్ రద్దయింది. జర్మనీలో హానోవర్ పారిశ్రామిక ప్రదర్శన కూడా ఆ ఏడు జరగలేదు. అది మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టులోనే, యుద్ధం ముగిసిన రెండేళ్లకు, ఓ లోహాల కర్మాగారం షెడ్లలో మొదలైంది. అప్పుడు తిండికి కటకట కాబట్టి వచ్చినవాళ్లకు చేపముక్క పెట్టిన బన్ను అమ్మేవారట, అందుకే జనం దాన్ని చేపబన్నుల ప్రదర్శన అనేవారు. అలాంటి కరువులో మొదలైన ప్రదర్శన కోవిడ్‌కు ఆగింది. ఇకపై అన్నీ జూమ్‌లోనే, హాళ్లు గోడౌన్లు అవుతాయని చాలామంది తేల్చేశారు. అలా జరగలేదు. 2023లో ఢిల్లీలోనే జులైలో భారత్ మండపం, సెప్టెంబరులో యశోభూమి ప్రారంభమయ్యాయి. ఉపన్యాసం తెర మీద చక్కగా వినిపిస్తుంది. కానీ తెర మీద టీ విరామం పెడితే అందరూ కెమెరా ఆపేసి లేచిపోతారు. సమాచారం కోసం ప్రయాణం చేయనక్కరలేదని కోవిడ్ నేర్పింది, దాంతో ఇప్పుడు జనం మనుషుల కోసమే వస్తున్నారు.

వచ్చాక ఏం చేస్తున్నారంటే, యాప్‌లు ముందే పేర్లు జతచేసి ఇరవై నిమిషాల భేటీలు ఖాయం చేస్తున్నాయి. విజిటింగ్ కార్డు బదులు బ్యాడ్జి మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తున్నారు. కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ సమయం కలిసివస్తుంది, కాదనను. యాప్‌కు ఒక లోపం ఉంది: నువ్వు వెతుకుతున్నవాడినే చూపిస్తుంది. నీకు అవసరమని నీకే తెలియని మనిషిని చూపించలేదు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఒక వ్యాసం రాశాడు. బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను అడిగాడు: మీకు ఈ ఉద్యోగం సంగతి చెప్పిన మనిషిని ఎంత తరచుగా కలిసేవారు? పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో తరచూ కలిసే మిత్రుడు చెప్పాడన్నవారు నూటికి 17 మంది కూడా లేరు. సుమారు 56 మంది అప్పుడప్పుడు కలిసేవాడన్నారు, 28 మంది అరుదుగా కలిసేవాడన్నారు. రోజూ కలిసే మిత్రుడికి తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు దూరపు పరిచయస్తుడి దగ్గరే ఉంటుంది. అలాంటివాళ్లలో పాత కాలేజీ మిత్రులు, పాత సహోద్యోగులు చాలామంది అని కూడా రాశాడు. ఏడాదికోసారి కలిసే మనలాంటివాళ్లన్నమాట. తానా, ఆటా సభలకు వెళ్లే మనవాళ్లకు ఈ సంగతి ఏ వ్యాసమూ చదవకుండానే తెలుసు. అక్కడ పెళ్లిసంబంధాలు కుదిరేది వేదిక ముందు కూర్చున్నప్పుడు కాదు.

మన బడి తమ్ముడొకడు బాలానగర్‌లో చిన్న లేత్ వర్క్‌షాపు నడుపుతున్నాడు. పేరు చెబితే సిగ్గుపడతాడు, వద్దులెండి. మొదటిసారి ఒక ప్రదర్శనలో మూడు మీటర్లకు మూడు మీటర్ల స్టాలు తీసుకున్నాడు. మూడు రోజుల్లో కార్డులు సంచెడు వచ్చాయి, ఆర్డరు ఒక్కటీ రాలేదు. నాలుగు నెలలకు వచ్చిన ఆర్డరు మాత్రం స్టాలుకు రాని మనిషి నుంచి వచ్చింది. భోజనాల వరసలో ముందు నిలబడ్డ ఒక పంపుల కంపెనీ ఉద్యోగి, షాఫ్టులు చేసేవాడు మధ్యలో మానేశాడని వాపోతుంటే మనవాడు నెంబరు తీసుకున్నాడు. తీసుకుని ఊరుకోలేదు. వారంలో ఒక నమూనా షాఫ్టు చేసి, బస్సెక్కి వెళ్లి చేతికిచ్చి వచ్చాడు. స్టాలు అద్దె దండగేనా అని నన్ను అడిగాడు. కాదన్నాను, స్టాలు లేకపోతే ఆ వరసలో నిలబడేవాడే కాదు. చిన్న పరిశ్రమలున్నవాళ్లు ఒక సంగతి తెలుసుకోండి: స్టాలు అద్దెలో చాలా భాగం కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పథకం కింద తిరిగి వస్తుంది, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలకు వెసులుబాటు ఇంకా ఎక్కువ. ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. పట్నం బడుల పిల్లలకు ఇలాంటి పరిచయాలు వాళ్ల నాన్న ఫోనులోనే ఉంటాయి. మన పిల్లల నాన్నల ఫోనుల్లో ఎరువుల కొట్టు, ట్రాక్టరు డ్రైవరు, ఏఎన్ఎమ్ నెంబర్లు ఉంటాయి. మార్కుల్లో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. ఇంటర్న్‌షిప్పుకు ఎవరిని అడగాలి, పాలిటెక్నిక్ తర్వాత ఏ కంపెనీలో పని నేర్పుతారు అన్నది చెప్పే మనిషి ఉండడు, ఉన్నా పలకరించడానికి భయం. ఈ హాల్లో నాలుగు వందల మందిమి ఉన్నాం. డాక్టర్లు, వెల్డర్లు, బ్యాంకు మేనేజర్లు, బోరు మెకానిక్కులు, మస్కట్‌లో క్రేన్ నడిపేవాళ్లు. ఇంతమంది ఒకచోట ఉన్నామన్న సంగతి ఆ వెనక బెంచీ పిల్లలకు తెలియకపోతే ఈ రెండు రోజుల ఖర్చు మన శాలువాలకే సరిపోతుంది.

అందుకే కార్యవర్గాన్ని బతిమాలి మూడు మార్పులు చేయించాను. సాయంత్రం సన్మానాలు గంటన్నర నుంచి ముప్పావుగంటకు తగ్గాయి. సన్మానం అందుకోబోయే పెద్దలు నన్ను మన్నించాలి. మీ బ్యాడ్జి మీద బ్యాచ్ సంవత్సరం కింద ఉంటున్న ఊరు, చేస్తున్న పని పెద్ద అక్షరాల్లో రాయించాం. హోదా రాయలేదు. మూడోది, భోజనాల దగ్గర బ్యాచ్‌ల వారీగా కాకుండా పనుల వారీగా బల్లలు వేయించాం: వైద్యం, యంత్రాలు, వ్యవసాయం, లెక్కలూ బ్యాంకులూ, గల్ఫ్, ఉపాధ్యాయులు. మీ బ్యాచ్ మిత్రులతో రాత్రి ఎలాగూ తెల్లవార్లూ కూర్చుంటారు.

పదో తరగతి పిల్లలకు నీలం బ్యాడ్జీలు ఇచ్చాం. వాళ్లు మిమ్మల్ని పలకరించరు, మీరే పలకరించండి. పేరు, ఊరు అడిగి ఊరుకోకుండా ఏం చేయాలనుకుంటున్నారో అడగండి, మీ ఫోను నెంబరు వాళ్ల నోటు పుస్తకంలో మీ చేత్తో రాయండి. గుమ్మం దగ్గర బల్ల మీద రిజిస్టరు ఉంది. ఏడాదిలో ఒక పిల్లవాడిని గానీ పిల్లను గానీ మీరు పనిచేసే చోటికి ఒక రోజు తీసుకెళ్లి చూపించగలిగినవాళ్లు అందులో పేరు, నెల రాయండి. ఎవరు ఎవరితో వెళ్లాలో డ్రిల్లు మాస్టారు చూసుకుంటారు. నా పేరు జూన్‌లో రాశాను. ఒక హాలు కప్పు మీదికెక్కించి చిల్లర్లు చూపిస్తాను, ఇద్దరికి చోటుంది.

వంటలు సిద్ధమయ్యాయని సైగ చేస్తున్నారు. యంత్రాల బల్ల ఎడమవైపు, వేపచెట్టు కింద.