ఇంకొకరి షెడ్డులో పెట్రోలు వాసన

బిజినేపల్లిలో బండి కార్బొరేటర్ సొంతంగా విప్పాలంటే చాలామందికి తెలిసినవాళ్ల రేకుల షెడ్డే దిక్కు. వాసన వాళ్లింట్లోకి పాకితే మళ్లీ తాళంచెవి ఇవ్వరు. అంతకన్నా పెద్ద భయం నిప్పు. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, నేలబారున పాకుతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు కలిసినా అంటుకుంటుంది. అందుకే పై కిటికీ ఒక్కటే చాలదు, షట్టర్ పూర్తిగా ఎత్తండి. పెట్రోలు కాక్ కట్టేశాకే పైపు లాగండి. కారేదాన్ని మూతున్న ఇనుప డబ్బాలో పట్టండి, నీళ్ల సీసాలో వద్దు. ఒలికితే పొడి ఇసుక చల్లి ఎత్తేయండి, మోరీలోకి కడగొద్దు. వాసన చంపుదామని అగరుబత్తి వెలిగించే మహానుభావులూ ఉన్నారు! వాసన ఉన్నంతసేపు లైటు, ఫ్యాను స్విచ్చులు కూడా ముట్టుకోవద్దు. తడిసిన గుడ్డలు పొయ్యికి దూరంగా, ఆరుబయట విడివిడిగా ఆరేయండి.