కార్జపు జలగయు దేహరక్షణమును
(ముదినేపల్లి వార్షికమహాసభయందు గావించిన యుపన్యాసము)



సంఘసభలయందు విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ప్రసంగించుట మనకు పరిపాటి. నేడు మేము గేదె కార్జమును గూర్చి మాటలాడ నుద్యమించితిమి. ఇది సభామర్యాదకు వెలితి యని యెవ్వరును తలపరని మా నమ్మిక. ఏలయన, పాడి యమ్మి పిల్లల చదువుల జీతములు చెల్లించు కుటుంబములు మనలో పెక్కులు గలవు. ఆ పాడి యెండిపోవుటకు గల కారణములలో నొకటి కంటి కగపడక కార్జమునందు దాగియుండును. దానితో పశుదేహ మెట్లు పోరాడునో, ఎచ్చట గెలుచునో, ఎచ్చట నోడునో యెఱిగినచో, మన చేయి యెచ్చట సాయపడవలయునో తేటపడును.

దీనిని జలగవ్యాధి యని రైతులందురు. కార్జపు జలగ యని పశువైద్యులు వ్యవహరింతురు. మన దేశపు గేదెలలో కానవచ్చుదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఫాసియోలా జైగాంటికా. ఇది నిజముగా జలగ కాదు. ఆకువలె పలుచనై, మూడంగుళముల వఱకు పెరుగు కృమి. పైత్యనాళములయందు కాపురముండి లెక్కకు మిక్కిలిగ గ్రుడ్లు పెట్టును. అవి పేడతో వెలువడి నీటిలో పడినచో, వానినుండి బయలుదేరిన పిల్ల మంచినీటి నత్తలో దూరును. అచ్చట ఒకటి వందలగును. పిమ్మట నత్తను విడిచి, గట్టునందలి గడ్డిపరకకో, వరిదుబ్బు మొదటికో యంటుకొని, గట్టిపొర కప్పుకొని పశువుకొఱకు వేచియుండును. చలిదేశముల గొఱ్ఱెలలో నుండు దీని చెల్లెలివంటి జలగ జీవితచక్రమును 1880 తరువాతి మూడు నాలుగేండ్లలో జర్మనీలో లాయ్‌కార్టును, ఇంగ్లండులో థామసును వేర్వేరుగ కనుగొనిరి.

కృష్ణానదికి 1855లో ఆనకట్ట పూర్తియైన పిదప మన సీమ అన్నపూర్ణ యయ్యెను. కాలువ, బోదె, వరిచేను, గేదె, నత్త యను నీ యైదును మన కొక్కచోటనే యమరినవి. మన భాగ్యమునకు మూలమైనవే యీ కృమికిని నెలవులగుట గమనింపదగినది.

ఇక పోరాటము. మేతతో లోనికి పోయిన పిల్లజలగ చిన్నప్రేవు గోడను తొలిచి, ఉదరకుహరమున సంచరించి, కొలది దినములలో కార్జపు పైపొరను చేరును. వారములకొలది కార్జమును తొలుచుచు త్రోవ చేసికొని, తుదకు పైత్యనాళమును ప్రవేశించును. ప్రవేశించిన పిదప అది గృహస్థు, అంతవఱకు బాటసారి. దేహమునకు గెలుపు దొరకునది యీ బాటలోనే.

సూక్ష్మజీవి వచ్చినప్పుడు రక్తమునందలి భక్షకకణములు దానిని మ్రింగివేయును. కృమి యంతటిదానిని కణ మెట్లు మ్రింగగలదు? కావున దేహము వేఱొక వ్యూహము పన్నును. సహాయకకణములు ఇంటర్‌ల్యూకినులను సందేశద్రవ్యములను వెలువరించును. వానిలో నాల్గవది ప్రతిరక్షకములను సిద్ధపఱచుటకు తోడ్పడును. అయిదవది ఇసినోఫిలులను తెల్లకణములను వృద్ధిచేయును. ప్రతిరక్షకములు కృమిదేహమున కంటుకొని గుఱుతు చూపగా, ఇసినోఫిలులు గుంపులుగ వచ్చి కఱచిపట్టి, తమలోని విషద్రవ్యమును దానిపై గ్రుమ్మరించును. ఈ కణములకు 1879లో ఎర్లిక్ పండితుడు పేరు పెట్టెను. ఇవి ఇసిన్ అను నెఱ్ఱరంగు పట్టును గనుక ఆ పేరు కలిగెను. ఆ రంగు పేరు గ్రీకుభాషలో ఉషస్సును చెప్పు పదమునుండి వచ్చినది. మన ఉషశ్శబ్దమునకు అది సోదరి.

కాని శత్రువు తెలివిలేనిది కాదు. పిల్లజలగ తన పైపూతను మాటిమాటికి విడిచి క్రొత్తపూత వేసికొనును. అంటుకొన్న ప్రతిరక్షకములు విడిచిన పూతతో జాఱిపోవును. అది స్రవించు కెథెప్సిన్ అను ద్రవ్యము ప్రతిరక్షకములను తునుకలు చేయును. మఱికొన్ని ద్రవ్యములు దేహమునందలి యుద్ధసన్నాహమునే చల్లార్చును. దేహమును తన వంతుగ సంధికి దిగును. ఏలయన అంతులేని పోరు కార్జమునకే చేటు. చీలిన త్రోవలను నారవంటి మచ్చకండతో పూడ్చుకొనును. ఆవులయందు పైత్యనాళముల గోడలు దళసరియై సున్నము పేరుకొనును. అందుచే తరువాత వచ్చు జలగలకు చోటు కొంత దుర్లభమగును. కాని గట్టిపడిన కార్జము గట్టిపడినదే. జలగలు నెత్తురు పీల్చుటచేతను, రక్తమునందలి మాంసకృత్తులు తగ్గుటచేతను పశువు పాలిపోవును, దవడక్రింద నీరు దిగును, పాలు తగ్గును. గొఱ్ఱెలలో పెక్కుజాతుల కీ కృమివలన మరల సోకకుండు శక్తి యలవడదు.

ఒక్క యపవాదమును చెప్పవలెను. మనవలెనే వరిపండించు ఇండోనేషియాలోని సన్నతోక గొఱ్ఱెలు ఈ పెద్దజలగ పిల్లలను కార్జమున స్థిరపడకమునుపే చాలవఱకు చంపగలవని పరిశోధకులు కనుగొనిరి. చిన్నజలగ విషయమున వానికే యీ శక్తి లేదు. ఈ రహస్యమును బట్టి టీకా చేయ ప్రయత్నములు సాగుచున్నవి. అంగడిలో దొరకు టీకా మాత్ర మింకను లేదు.

చరకసంహిత సూత్రస్థానమున వ్యాధిక్షమత్వ మను మాట గలదు. చక్రపాణిదత్తుడు దానిని రెండుగా వివరించెను: పుట్టిన వ్యాధి బలము నెదిరించుట యొకటి, వ్యాధి పుట్టకుండ నడ్డగించుట రెండవది. కార్జపు జలగ యెడ పశుదేహమునకు మొదటిది కొంత కలదు. రెండవది మిక్కిలి తక్కువ. ఆ కొఱతను మనము పూరింపవలెను. అదే సంహిత విమానస్థానమున కృమిచికిత్స మూడు విధములుగ చెప్పబడినది: కృమిని వెడలించుట, దాని కనుకూలమగు స్థితిని చెఱచుట, కారణమును పరిహరించుట.

మొదటిది పశువైద్యుని పని. పేడ పరీక్షచేయించి ఆయన చెప్పిన మందు, చెప్పిన వేళకు పట్టింపవలెను. కొన్ని మందులు ఎదిగిన జలగలనే చంపును. కొన్ని పిల్లలనుగూడ చంపును. మందు పట్టిన పిదప పాలు ఎన్నాళ్లు వాడరాదో యాయననే యడుగవలెను. రెండవదియు మూడవదియు మనవే. పేడను బోదెలలోనికి పోనీయక పోగుచేసి మాగనిచ్చినచో ఆ వేడికి గ్రుడ్లు చచ్చును. నీటిలో నానిన వరిగడ్డి మొదళ్లను పచ్చిగ వేయక, బాగుగ నెండబెట్టి వామి వేయవలెను. గట్టుగడ్డిని నీటిమట్టమునకు పైగ కోయవలెను. దూడలను మడుగులకు తోలక తొట్టినీరు త్రాగింపవలెను. బాతులు నత్తలను తిను నుపకారులు.

దేహరక్షణమునందలి యోటమి మనుష్యుల కెంత చేటో థాయిలాండు చూపుచున్నది. అచ్చట పచ్చిచేప తినువారి పైత్యనాళములలో వేఱొక కృమి చేరి, యేండ్లతరబడి సాగు తాపముచే క్యాన్సరునకు దారితీయును. 1994లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ దానిని క్యాన్సరు కారకముల జాబితాలో చేర్చెను. చేపలచెఱువుల నడుమ నివసించు మనకు ఉడికిన పులుసే రక్ష; ఆ యలవాటు మానవలదు.

పోషకులకు మా విన్నపము: సంఘనిధినుండి గ్రామమున కొక్క నీటితొట్టియు, ఒక్క గేదెయే యాధారమైన యిండ్లకు ఏటేట పేడపరీక్ష వ్యయమును నియ్యుడు. విద్యార్థివేతనము లిచ్చు చేతులతోనే యిది చేయుడు. ఆ గేదె పాలే యా బాలుని మొదటి వేతనము. పశుదేహము తన పోరు తాను మౌనముగ చేయుచునే యున్నది. గట్టుమీది పోరు మనది.